సభ రికార్డులో ఒక గొంతు

రమ్లా, కెర్కెన్నా దీవులు
అక్టోబరు 18, శుక్రవారం

నా బంగారు తల్లి దొర్సాఫ్‌కి,

రమ్లా నుంచి మీ నానమ్మ మొంజియా నీ నుదుటి మీద ముద్దుతో, కడుపునిండా దీవెనలతో రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, మీ అమ్మానాన్నలూ, పెరట్లో అంజూర చెట్టూ అందరం కులాసా. ఆక్టోపస్ పట్టే రోజులు మొదలయ్యాయి కదా, మేడల మీద తీగలన్నీ ఎండుతున్న కాళ్ళతో నిండిపోయాయి, వీధంతా ఉప్పు వాసన. నీకోసం రెండు పెద్దవి విడిగా ఎండబెట్టాను. పిల్లి ఒకదాని కాలు కొరికింది. అది మీ నాన్న తింటాడులే.

నీ మెసేజీ చదివాను. ఒకసారి కాదు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఉద్యోగంలో చేరి ఒక్క వేసవే దాటింది, అప్పుడే మానేస్తానంటున్నావు. నానమ్మా, పొద్దున్నించీ చట్టసభలో వాళ్ళు అరుచుకుంటారు, మేం రాసుకుంటాం, టైపు చేస్తాం, బైండు చేయించి బీరువాలో పెడతాం, ఇదంతా ఎవడు చదువుతాడు అని రాశావు. నా అక్షరాలు బొద్దింకలకి భోజనం అని కూడా రాశావు. ఈ నోరు నీకు నా వైపు నుంచే వచ్చింది, అందుకని కోప్పడలేను.

జవాబు ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోన్లో మాట్లాడితే మీ అమ్మ వంటింట్లోంచి వింటుంది. మీ అమ్మ విన్నదంటే సాయంత్రానికి దీవి ఆ చివర మెల్లీతా దాకా వింటుంది. అందుకే కాగితం తీశాను. నిదానంగా చదువు, తర్వాత రాజీనామా ఇస్తావో మానతావో నీ ఇష్టం.

మంగళవారం కేసు గెలిచామని నీకు తెలుసు. ఎలా గెలిచామో నీకు తెలియదు. మధ్యలో నాకు తెలుసు నానమ్మా అనకుండా మొదట్నించీ విను.

హోటల్ కంపెనీ వాళ్ళు మన నీళ్ళ మీద కన్నేసింది ఎప్పుడో. పడవలు కట్టుకునే రేవు కావాలట, డబ్బున్నోళ్ళ తెల్ల పడవలకి. సరిగ్గా మనం చేపల దడులు కట్టుకున్న చోటే, మన చర్ఫియాలున్న చోటే కావాలట. తీరం చట్టం ప్రకారం సముద్రమంతా ప్రభుత్వానిదే, ప్రభుత్వం మాకు లీజుకిచ్చింది, మీ తాతల కాగితాలు మీరే చుట్టి దాచుకోండి అని నోటీసులు పంపారు. ఊరంతా భయపడింది. మన చర్ఫియాతో పాటు నలభై ఇళ్ళ అన్నం ఆ నీళ్ళలోనే ఉంది. చట్టం తెచ్చి చూస్తే నిజంగానే అందులో చర్ఫియా అన్న మాటే లేదు. ఉంటాయనీ లేదు, పోతాయనీ లేదు.

స్ఫాక్స్ నుంచి లాయరుగా ఉస్తాదా నాయిలాని పెట్టుకున్నాం. నీకంటే పదేళ్ళు పెద్దదేమో. పొట్టిగా ఉంటుంది, నల్ల గౌను నేల ఊడుస్తూ ఉంటుంది, నోరు తెరిస్తే మాత్రం హాలంతా ఆమెదే. జడ్జిగారిది లోపలి ఊరు, సముద్రం ఎరగని మనిషి. ఆయనకి అర్థమయ్యేలా చెప్పిందమ్మా ఆ పిల్ల! అయ్యా, మీ వైపు ఇంటింటికీ ఆలివ్ తోట ఉన్నట్టు మా దీవుల్లో ఇంటింటికీ సముద్రంలో ఒక మడి ఉంటుంది, లోతులేని నీళ్ళలో ఖర్జూరపు మట్టలు వరసగా నాటి దడి కడతారు, నీరు వెనక్కి తీసేటప్పుడు చేప ఆ దడి వెంబడే పోయి చివరున్న బుట్టలో పడుతుంది, తాతలు కొన్నారు, తండ్రులు పంచుకున్నారు, కూతుళ్ళ పేర కూడా రాశారు, దాన్నే చర్ఫియా అంటారు అని చెప్పింది. జడ్జిగారు పెన్ను కింద పెట్టి విన్నాడు.

కానీ ఇంత ముచ్చటగా చెప్పి, తర్వాత ఏం చేసిందనుకున్నావు? మన జీలానీ ఇంట్లో గోడకి ఫ్రేము కట్టించుకున్న పాత పత్రిక ముక్క ఒకటుంది చూడు, ఆ చట్టం పాసైన రోజుది. చర్ఫియాలు ఎవరివి వాళ్ళకే ఉంటాయని సభలో మంత్రి అన్నట్టు అందులో రెండు వాక్యాలుంటాయి. ఆ ఫ్రేమునే కోర్టుకి మోసుకెళ్ళారు. జీలానీ దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చున్నాడు. కంపెనీ లాయరు దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, అద్దం మీద ఊది, అయ్యా వీళ్ళు చేపలు చుట్టే కాగితాన్ని సాక్ష్యంగా తెచ్చారు, రేపు గాలాన్ని కూడా తెస్తారేమో అన్నాడు. హాల్లో నవ్వులు. జీలానీ మొహం పాలిపోయింది. నాకు లేచి వాడి టై పట్టుకుని లాగాలనిపించింది.

జడ్జిగారు నవ్వలేదు. ఉస్తాదాతో అన్నాడు కదా, అమ్మా, పత్రికలో రాసింది విన్నవాడి మాట, నాకు సభ మాట కావాలి. అసలు రికార్డు దాచిన చోటికి వెళ్ళండి, ఆ రోజు పేజీలకి కాపీ తీయించండి, అసలుతో సరిచూశాం అని రికార్డు బాధ్యుడి సంతకం, సీలు వేయించి తీసుకురండి. అది తెస్తే మీరు వేరే సాక్షిని తేనక్కర్లేదు, ఆ కాగితమే నాకు సాక్షి అని.

బయటికొచ్చాక ఉస్తాదా ట్యూనిస్ వెళ్తానంది. నేనూ వస్తానన్నాను. లెల్లా మొంజియా, మీరెందుకు, అంత దూరం, మీ మోకాళ్ళు అని ఏదో అనబోయింది. మా ఆయన ఐదేళ్ళు కూర్చున్న సభ, పోయేలోగా ఒకసారి చూసుకోనీ అన్నాను. ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేరు కదా, నాకు తెలుసు. ఇది పోయిన చలికాలం సంగతి, అప్పటికి నువ్వా పరీక్ష రాయనే లేదు.

మీ తాత సంగతి నీకు చెప్పాలా? ఫర్జానీ అంటే నీకు మంచాన పడ్డ ముసలాయనే గుర్తు. ఆయన మన దీవుల ప్రతినిధిగా సభలో ఐదేళ్ళున్నాడు. ఆ ఐదేళ్ళలో ఒక్కసారి కూడా నోరు విప్పలేదని ఊళ్ళో వాళ్ళు పెట్టిన పేరు నువ్వు వినే ఉంటావు. సీ చప్పట్లు! చప్పట్లు కొట్టడం ఒక్కటే తెలిసిన పెద్దమనిషి అని. కాఫీ కొట్టులోకి ఆయన అడుగుపెడితే చాలు, జీలానీ బల్ల మీద చప్పట్లు కొట్టేవాడు. ఏం సీ ఫర్జానీ, ఇవాళ దేనికి చప్పట్లు, కాఫీకా పంచదారకా అనేవాడు. మీ తాత నవ్వేసి కూర్చునేవాడు. ఇంటికొచ్చి మాత్రం నవ్వేవాడు కాదు. పోయేదాకా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. అంత్యక్రియల రోజున కూడా ఎవరో గోడ పక్కన ఆ మాట అంటుంటే నా చెవిన పడింది, ఎవరన్నారో ఇప్పుడు చెప్పను.

సరే, ట్యూనిస్. రికార్డు గదిలో ఒకమ్మాయి, ఒక పెద్దాయన. నువ్వు చేసే పనేగా, నీకు వింతగా ఉండదు, నేను మాత్రం కళ్ళప్పగించి చూశాను. కాపీ తీస్తే సీలు కొట్టి ఇచ్చేస్తారనుకున్నాను. అలా ఇవ్వరట. ఆయన అసలు పుస్తకం ముందు పెట్టుకుని పైకి చదివాడు, ఆ అమ్మాయి కాపీ మీద గీటు పెట్టుకుంటూ ప్రతి మాటా సరిచూసింది. కామా ఉంటే కామా అని చదువుతాడు. అధ్యక్షుడు గంట కొట్టాడని ఉంటే గంట అని చదువుతాడు. చప్పట్లు, కుండలీకరణంలో. నవ్వులు, కుండలీకరణంలో. రైళ్ళ వేళలు చదివినట్టే, ముఖంలో ఏ మార్పూ లేకుండా. ఉస్తాదా నన్ను మోచేత్తో పొడిచి నవ్వాపుకుంది.

అప్పుడొచ్చింది ఆ చోటు. మంత్రి తన మాట ముగించాడు, చప్పట్లు. అధ్యక్షుడు: ఇంకెవరైనా మాట్లాడతారా? తర్వాత పెద్దాయన అదే గొంతుతో చదివాడు. ఒక గొంతు: మరి చర్ఫియాల సంగతేంటి? అవి కూడా లాక్కుంటారా? నవ్వులు, కుండలీకరణంలో. మంత్రి: చర్ఫియాలు తరతరాలుగా ఎవరివో వాళ్ళవే, ఈ చట్టం వాటి జోలికి పోదు. చప్పట్లు, కుండలీకరణంలో.

తల్లీ, నేను ఆ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి లేచి తన కుర్చీ నాకిచ్చింది. ఉస్తాదా నా చెయ్యి పట్టుకుని, సీ ఫర్జానీ గుర్తొచ్చారా అంది. అవునన్నాను. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, రెండూ. మీరంతా బీరువాలో పెట్టి మరిచిపోయారనుకున్న మాట అన్నేళ్ళ తర్వాత కామాతో సహా అలాగే ఉంది! మనిషి పోయాడు, మంత్రి పోయాడు, ఆ మాట మాత్రం చెక్కు చెదరలేదు. తిరిగొచ్చి నిన్ను ఆ ఉద్యోగం పరీక్ష రాయమని ఎందుకంత పోరుపెట్టానో ఇప్పుడర్థమైందా? నువ్వేమో తాత జ్ఞాపకం కోసమనుకున్నావు.

కిందటి నెల మళ్ళీ కోర్టు. ఈసారి ఫ్రేము లేదు. సంతకం, సీలు ఉన్న కాగితాలు జడ్జిగారి చేతికెళ్ళాయి. ఉస్తాదా ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడలేదు, అయ్యా ఫలానా పేజీ అని కూర్చుంది.

కంపెనీ లాయరు మొహం చూడాల్సింది. ముందు, ఈ కాగితం రాసినవాళ్ళని పిలిపించండి, నేను ప్రశ్నలడగాలి అన్నాడు. అక్కర్లేదు, చట్టసభ రికార్డుకి సరిచూసిన కాపీ తనకి తానే సాక్ష్యం, మీకు అనుమానం ఉంటే మీరూ ఒక కాపీ తీయించుకొచ్చి తేడా చూపించండి అన్నాడు జడ్జిగారు. వాడికి అది చేదయ్యింది. తర్వాత, సభలో లక్ష మాటలంటారు, చట్టంలో ఉన్నదే చట్టం అన్నాడు. చట్టంలో చర్ఫియా గురించి ఏమీ లేదు కాబట్టే అది చేసినవాళ్ళ ఉద్దేశం ఏమిటో నేను చూడాల్సి వస్తోంది అన్నాడాయన.

వాడు వదిలితేగా! కాగితం పైకెత్తి, అయ్యా ఇక్కడ నవ్వులు అని రాసుంది, అంటే మంత్రి తమాషాకి అన్నాడు, సభంతా నవ్వింది, తమాషా మాటని పట్టుకుని మా రేవు ఆపుతారా అన్నాడు. మన వాళ్ళంతా ఉస్తాదా వైపు తిరిగారు. ఉస్తాదా లేచింది. అయ్యా, వరస చూడండి అంది. గొంతు తర్వాత నవ్వులు, నవ్వుల తర్వాత మంత్రి జవాబు, జవాబు తర్వాత చప్పట్లు. నవ్వింది ప్రశ్నకి, జవాబుకి కాదు, రాసినవాళ్ళు ఏది ఎప్పుడు వినపడితే అప్పుడే రాశారు అంది. చూశావా దొర్సాఫ్, మీ కుండలీకరణం ఎక్కడ పడిందన్న దాని మీద నలభై ఇళ్ళ అన్నం ఆగింది. నవ్వులు అన్న మాట ఒక్క వరస కిందికి జారి ఉంటే ఇవాళ నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

చివరికి వాడికి మిగిలింది ఒక్కటే. ఎవరిదీ గొంతు? పేరు లేదు, ఊరు లేదు, అడిగినవాడెవడో తెలియని ప్రశ్నకి విలువేంటి అని గట్టిగా అరిచాడు. నేను చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుని కూర్చున్నాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి, లాయరుగారూ, అడిగింది ఎవరైతే నాకేం, ఆకాశంలోంచి అడిగినా నాకొకటే, జవాబు చెప్పిందెవరో పేరుతో సహా ఇక్కడుంది, నాకు కావాల్సింది ఆ జవాబు అన్నాడు.

మంగళవారం తీర్పు. చర్ఫియాలు ఎవరివి వాళ్ళవే. కంపెనీవాళ్ళు అప్పీలుకి పోతారట. పోనీ, అక్కడా ఆ సీలు అదే సీలు.

తిరుగు పడవలో ఆడవాళ్ళ సంతోషపు కేకలకి సముద్రపు కాకులు బెదిరి లేచిపోయాయి. ఇక్కడ అసలు ముచ్చట చెప్పాలి. రేవులో దిగుతూనే జీలానీ అందరి ముందూ అడిగాడు, ఒరే, ఆ సభలో మన దీవుల మనిషి ఎవడున్నాడ్రా, చర్ఫియా అన్న మాట తెలిసినోడు ఆ హాల్లో ఇంకెవడుంటాడ్రా అని. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎవరో సీ ఫర్జానీ అన్నారు. జీలానీ నా దగ్గరికొచ్చి, ఇంత లావు మనిషి, నా చేతులు కళ్ళకద్దుకుని ఏడ్చాడు. లెల్లా, మేం ఆయన్ని బతికున్నన్నాళ్ళూ ఏడిపించాం, ఆయనేమో మా అన్నాన్ని కాపాడి ఒక్కనాడైనా నేనడిగానని చెప్పుకోలేదు, ఇలాంటి మనిషిని ఏమనాలి అన్నాడు.

శుక్రవారం ప్రార్థన కాగానే ఇవాళ మగవాళ్ళంతా ఆయన సమాధి దగ్గరికెళ్ళారు. పాత పడవల రేవుకి ఆయన పేరు పెట్టాలని మునిసిపాలిటీలో అడిగారట, వచ్చే నెల పలక పెడతారట. నువ్వు రావాలి. సీ చప్పట్లు అన్న పేరు రమ్లాలో ఇక ఎవరి నోటా రాదు. అది వినడానికి ఆయన ఉంటే బాగుండేది. లేకపోయినా, నాకు మనసు నిండిపోయింది తల్లీ. ఇన్నాళ్ళూ నేను తలెత్తుకునే నడిచాను, ఇప్పుడు ఊరు నాతో పాటు తలెత్తి ఆయన్ని చూస్తోంది.

ఇక నీ అక్షరాలు ఎవరు తింటారో నువ్వే చెప్పు. బొద్దింకలా, మేమా? చలికి శాలువా కప్పుకో. బయటి కుస్కుస్ తినకు, బార్లీది పంపిస్తున్నాను.

నీ మేలు తప్ప ఇంకేమీ కోరని
మీ నానమ్మ,
మొంజియా

తా.క.: ఇంతవరకూ మీ అమ్మకి చదివి వినిపించినా ఫరవాలేదు. ఇక్కణ్ణించి నీ ఒక్కదానికే.

ఆ రోజు నేను ఆ సభలో ఉన్నాను. పైన, చూడ్డానికొచ్చిన జనం కూర్చునే మెట్ల మీద, తెల్ల సెఫ్సారీ ముసుగు ఒంటినిండా కప్పుకుని. ఊళ్ళో అందరికీ పన్ను పీకించుకోడానికి ట్యూనిస్ వెళ్ళానని చెప్పాం. ఆ ప్రశ్న మీ తాతా నేనూ కలిసి వంటింట్లో కూర్చుని రాశాం. గౌరవనీయులైన అధ్యక్షా అని మొదలయ్యే పెద్ద ప్రశ్న. పడవలో, రైల్లో ఆయన దాన్ని వల్లె వేస్తూనే ఉన్నాడు. ఇంకెవరైనా మాట్లాడతారా అని అధ్యక్షుడు మాటవరసకి అడిగినప్పుడు ఆయన కోటు జేబు మీద చెయ్యి పెట్టుకుని సగం లేచాడు. లేచి ఆగిపోయాడు. తలెత్తి నా వైపు చూశాడు. ఆయన్ని పిరికివాడనుకోకు, ఆ రోజుల్లో ఆ హాల్లో చప్పట్లకి తప్ప చేతులు లేపినవాళ్ళు తక్కువ. అధ్యక్షుడు గంట అందుకున్నాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. గౌరవనీయులు, ఉపోద్ఘాతం అన్నీ ఎగిరిపోయి చివరి ముక్క ఒక్కటే బయటికొచ్చింది. బయట నిలబడే జవాను పరుగెత్తుకొచ్చి, ఏమ్మా, ఇది ఆడవాళ్ళు స్నానాలు చేసే హమ్మామనుకున్నావా అన్నాడు. ఆ నవ్వులు దానికి. మంత్రి కాగితాలు సర్దుకుంటున్నాడు, తలెత్తకుండానే జవాబు చెప్పేశాడు. జవాను నన్ను రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్తుంటే వెనక చప్పట్లు వినపడ్డాయి. అందులో అందరికంటే గట్టిగా కొట్టింది ఎవరో నాకు తెలుసు.

సాయంత్రం సముద్రం ఒడ్డున ఇద్దరం వేడి వేడి బంబలూని తింటూ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. ఎవరికైనా చెప్తే నా మీదికి పోలీసులొస్తారని ఆయన ఒట్టు వేయించుకున్నాడు. నా కోసం ఆ పేరు మోశాడు. ప్రశ్న ఆయనదే దొర్సాఫ్, గొంతు మాత్రం నాది. అందుకని పలక మీద ఆయన పేరు ఉండటం న్యాయమే, నువ్వేమీ సరిదిద్దకు.

ఒక్క మనిషి గురించి మాత్రం చెప్పాలి. కింద బల్ల దగ్గర సభ మాటలు రాసే ఆయన. పై మెట్ల మీంచి వచ్చే అరుపులు రాయకూడదని మీకు నియమం ఉందట కదా, అప్పుడూ ఉండేది. ఆయన పెన్ను ఆపి, తలెత్తి, సూటిగా నన్ను చూశాడు. నేనెవరో, ఎక్కడ నిలబడ్డానో బాగా చూశాడు. మళ్ళీ తల వంచి రాశాడు. పైన అని రాయలేదు, ఆడమనిషి అని రాయలేదు. ఒక గొంతు అని రాశాడు. ఆయన పేరు నాకు తెలియదు, ఇప్పుడు ఆయన కుర్చీలో నువ్వున్నావు.

ఏదో ఒకరోజు పై మెట్ల మీంచి ఎవరైనా అరిస్తే, ఆ రాజీనామా కాగితం పక్కన పెట్టి ముందు అది రాసుకో తల్లీ.